ఇంట్లో మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి లక్షలు అక్కర్లేదు, తెలుగులో చెప్పేవాళ్ళే కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం సంచికలో ఇంట్లో మ్యూజిక్ స్టూడియో పెట్టుకోవడం గురించి ఒక పేజీ వేశారు. కంప్యూటరు, సౌండ్ కార్డు, స్పీకర్లు, సాఫ్ట్‌వేరు అన్నీ కలిపి లక్షల్లో లెక్క చూపించారు. సినిమాలకి పనిచేసేవాళ్ళకి ఆ లెక్క కరెక్టే కావచ్చండీ, కానీ ఆ పేజీ పట్టుకుని మా ఇంటికి పేరెంట్స్ వచ్చారు, "టీచర్ గారూ మా పాపకి ఇవన్నీ కొనాలా, కొనకపోతే మిగతా పిల్లల కంటే వెనకబడిపోతుందా" అని, అందులో ఒకాయనైతే చీటీ పాడేసుకుని ఆ డబ్బుతో కొందామనే ఆలోచనలో ఉన్నాడు. ఆయన్ని ఆపి కూర్చోబెట్టి నచ్చజెప్పేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఆయనొక్కడికి చెప్తే చాలదు, మీ పేపర్ చదివిన అందరికీ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నా.

నేను విద్యానగర్‌లో ఇంట్లోనే పిల్లలకి కర్ణాటక సంగీతం చెప్తాను. కంప్యూటర్ చదువులు చదవలేదు. 2020 లాక్‌డౌన్‌లో క్లాసులన్నీ వీడియో కాల్‌లోకి వెళ్ళిపోయినప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ల సంగతి నేర్చుకోక తప్పలేదు, ఎందుకంటే కాల్ యాప్‌లు ఆగకుండా ఒకే లెవెల్లో వచ్చే శబ్దం ఏదైనా సరే నాయిస్ కింద లెక్కేసి తీసేస్తాయి, ఫ్యాన్ చప్పుడూ పోతుంది, దాంతోపాటు తంబూర కూడా పోతుంది. నేను ఇక్కడ తంబూర పెట్టుకుని పాడుతుంటే అటువైపు పిల్లకి శ్రుతే వినపడదు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆఫ్ చేసుకోవచ్చని మాకెవరికీ తెలీదు, తెలిసేలోపు కొందరు పిల్లలకి శ్రుతి లేకుండా పాడ్డం అలవాటైపోయింది, ఆ అలవాటు మాన్పించడానికి ఎంత కష్టపడ్డామో ఆ పిల్లలకీ నాకూ తెలుసు. అప్పట్నుంచీ నేను గట్టిగా అనుకుంటున్నది ఒకటే. సాఫ్ట్‌వేరుకి డబ్బులు అనే సమస్య ఎప్పుడో తీరిపోయింది, పక్కన కూర్చుని మన భాషలో ఒక గంట చూపించే మనిషి లేకపోవడమే ఇప్పటి సమస్య.

ఆడాసిటీ అని పాట రికార్డ్ చేసి సరిదిద్దుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, దాని సంగతి చూడండి. 2000 సంవత్సరం నుంచి ఉంది అది, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఇద్దరు కలిసి మొదలుపెట్టారు, పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్ కూడా, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, విండోస్ అయినా మ్యాక్ అయినా లినక్స్ అయినా నడుస్తుంది. మామూలుగా పాట రికార్డ్ చేసుకోడానికి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ కాంప్లెక్స్ దగ్గర అడిగితే సెకండ్ హ్యాండ్‌వి బోలెడు చూపిస్తారు. చాలా ఇళ్ళల్లో అది కూడా కొనక్కర్లేదు, అన్నయ్యో అక్కో బీటెక్‌లో వాడి అటక మీద పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఉంటుంది కదా అది చాలు.

దీంతో ఏం చేస్తామో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ పేజీలో పరికరాల పేర్లు ఉన్నాయి గానీ వాటితో పిల్లలు నేర్చుకునేదేంటో లేదు. మొదటి పాఠాలైన సరళీ వరసలు మాయామాళవగౌళ రాగంలో మొదలుపెడతాం, అందరికీ తెలిసిందే. అందులో గాంధారం అంతర గాంధారం. షడ్జమం, అంటే స, 261.6 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) పెట్టుకుంటే, తంబూర తీగ బాగా శ్రుతి చేసినప్పుడు దానంతటదే పలికే గాంధారం, స్వయంభూ గాంధారం అంటామే అది, షడ్జమానికి ఒకటింబావు రెట్లు, అంటే 327 దగ్గర పడుతుంది. కీబోర్డు మీద అదే గాంధారం 329.6 దగ్గర ఉంటుంది. తేడా రెండున్నర హెర్ట్జ్, ఇంతోటి దానికేంటి అనిపిస్తుంది. ఆడాసిటీలో టోన్ తయారుచేసే ఆప్షన్ ఉంది, ఒక ట్రాక్‌లో 327 అని కొట్టి ఇంకో ట్రాక్‌లో 329.6 అని కొట్టి రెండూ కలిపి ప్లే చేస్తే శబ్దం సెకనుకి రెండు మూడుసార్లు పెరిగి తగ్గుతూ ఉంటుంది. పిల్లలు వెంటనే పట్టేస్తారు, "టీచర్ ఊగుతోంది" అంటారు. తర్వాత తంబూర పెట్టి గాంధారం పాడమంటే ఆ ఊగుడు ఆగేదాకా గొంతు సర్దుకుంటారు. ఇదే విషయం నేను నోటితో ఏళ్ళ తరబడి చెప్పాను, "కొంచెం తగ్గించు, కొంచెం తగ్గించు" అని, తగ్గించడమంటే ఏంటో ఆ చెవికి ఒక్కసారి వినిపిస్తే గానీ ఎక్కలేదు.

ఇంకోటి స్పీడు. పాత టేప్ రికార్డర్లో బ్యాటరీ అయిపోతుంటే పాట నెమ్మదించేది, దాంతో శ్రుతి కూడా దిగిపోయేది గుర్తుందా. ఇప్పుడు ఆడాసిటీలో టెంపో మాత్రమే తగ్గించే ఎఫెక్ట్ వేరే ఉంది, శ్రుతి కదలదు. వర్ణంలో రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, పట్టుకోలేని పిల్లకి నేను పాడిందే ముప్పై శాతం తగ్గించి పెన్ డ్రైవ్‌లో ఇచ్చి పంపిస్తాను, వారం తిరిగేసరికి పది పెంచుతాను. అలాగే శ్రుతి ఒక్కటే మార్చే ఎఫెక్ట్ కూడా ఉంది, నేను ఐదున్నర శ్రుతిలో పాడతాను, గొంతు మారుతున్న మగపిల్లలకి అది అందదు, వాళ్ళకి కిందకి దించి ఇస్తే ఇంట్లో కూర్చుని సాధన చేసుకుంటారు, మరీ కిందకి దించితే నా గొంతు వింతగా వినపడుతుంది గానీ నేర్చుకోడానికి పర్లేదు. తాళానికి రిథమ్ ట్రాక్ ఉంటుంది, ఒక ఆవర్తనానికి ఎన్ని దెబ్బలో మనమే చెప్పొచ్చు, ఆదితాళానికి ఎనిమిది అని పెడతాం, మిశ్రచాపుకి ఏడు అని పెడతాం. మొదటి దెబ్బ మాత్రం వేరేగా వినిపిస్తుంది, సమం ఎక్కడో పిల్లలకి తెలిసిపోతుంది.

రికార్డింగ్‌లో మన హైదరాబాద్ ఇళ్ళ బాధలు వేరే ఉన్నాయి, మే నెలలో ఫ్యాన్ ఆపి ఎవరూ పాడలేరు, కింద రోడ్డు మీద ఆటో హారన్లు, పక్కింట్లో కుక్కర్ విజిల్. హారన్‌కీ విజిల్‌కీ మందు లేదు, మళ్ళీ పాడుకోవాల్సిందే. ఫ్యాన్‌కి మాత్రం ఉంది, పాడేముందు ఐదారు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉత్త ఫ్యాన్ చప్పుడు మాత్రమే రికార్డ్ అవ్వనివ్వాలి, తర్వాత ఆ ముక్క సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్‌కి ఇదీ నాయిస్ అంటే అని చూపించాలి, ఆ తర్వాత మొత్తం పాట సెలెక్ట్ చేసి అప్లై చేయాలి. ఎక్కువ తీసేస్తే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు ఉంటుంది, కొంచెం ఫ్యాన్ మిగిలినా ఫరవాలేదు. తంబూర పెట్టుకుని పాడిన రికార్డింగ్ మీద ఇది చేయకండి, తంబూరకి దెబ్బ తగులుతుంది, తంబూర ఇయర్‌ఫోన్‌లో వింటూ గొంతు ఒక్కటే రికార్డ్ చేసుకుని తంబూర వేరే ట్రాక్‌లో కలుపుకోవాలి. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ తెలుగులో నాకు కనపడలేదు, ఎవరికైనా పనికొస్తాయనే ఇంత రాస్తున్నా.

ఇయర్‌ఫోన్ అన్నాను కాబట్టి ఇది కూడా. దయచేసి వైరు ఉన్నవే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి మామూలుగా సెకనులో పదో వంతో అంతకంటే ఎక్కువో ఆలస్యం అవుతుంది, పిల్ల తాళం వింటూ కరెక్ట్‌గానే పాడుతుంది, రికార్డింగ్‌లో మాత్రం తాళం తప్పినట్టు వస్తుంది. మంచి లయజ్ఞానం ఉన్న ఒక పిల్ల నాకు తాళం రాదు టీచర్ అని ఏడుస్తూ కూర్చుంది, తీరా చూస్తే దాని చెవిలో ఉన్న బడ్స్‌దే తప్పు. బ్లూటూత్ మైకు కూడా వద్దు, కాల్ మాట్లాడే క్వాలిటీకి పడిపోతుంది గొంతు. కంప్యూటర్‌లో బఫర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, శబ్దాన్ని ఎంతెంత ముక్కలుగా పోగేసి పంపాలో చెప్పేది, దానివల్ల కూడా ఆలస్యం వస్తుంది. శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచే శాంపిల్ రేటులో బఫర్ 1024 ఉంటే ఒక్క బఫరే 23 మిల్లీ సెకన్లు, 256 చేస్తే ఆరు లోపే. మరీ తగ్గిస్తే పాత కంప్యూటర్ టప్ టప్ మని శబ్దం చేస్తుంది, అందుకని ఎంత తగ్గించాలో ఎవరి మెషీన్లో వాళ్ళు చూసుకోవాలి.

గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పాడ్డం, దాని గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. తోడి రాగంలో గాంధారాన్ని ఒకచోట నిలబెట్టి పాడరు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. లండన్‌లో క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్ళు సోనిక్ విజువలైజర్ అని ఒక సాఫ్ట్‌వేర్ చేశారు, అదీ ఫ్రీనే. అందులో పెద్దవాళ్ళ తోడి ఒక ముక్క పెట్టి చూస్తే ఆ గాంధారం స్క్రీన్ మీద అలలు అలలుగా కనపడుతుంది, దాని కిందే పిల్ల పాడింది పెట్టి చూస్తే అలలు చిన్నవిగానో తొందరగానో ఉంటాయి. గురువు నోటి నుంచి నేర్చుకునేదాన్ని ఇది భర్తీ చేస్తుందని నేను అనను. కానీ ఇంటికెళ్ళాక గురువు పక్కన లేనప్పుడు తప్పెక్కడుందో చూసుకోడానికి ఇంతకంటే సాయం నేను ఎరగను.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఎక్కువ ట్రాకులు కలిపి మిక్సింగ్ చేయాలంటే రీపర్ ఉంది, ఒకప్పుడు మనమందరం పాటలు విన్న వినాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ కంపెనీదే, 60 రోజులు అన్ని ఫీచర్లతో వాడి చూడొచ్చు, ఆ తర్వాత ఇంట్లో వాడుకునేవాళ్ళకి లైసెన్సు 60 డాలర్లు, మన డబ్బుల్లో ఐదు వేల పైన. బీట్లు, కీబోర్డ్ ట్యూన్లు చేసుకునే పిల్లలకి ఎల్ఎంఎంఎస్ ఫ్రీ. ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్ కావాలంటే మ్యూజ్‌స్కోర్ ఫ్రీ, స్వరాల కింద తెలుగులో సాహిత్యం టైప్ చేసుకోవచ్చు. కంప్యూటరే లేకపోతే ఫోన్లోనే బ్యాండ్‌ల్యాబ్ యాప్ ఉంది. ఐఫోన్ గానీ మ్యాక్ గానీ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్‌కి పైసా కట్టక్కర్లేదు. ఉబుంటు స్టూడియో అని ఒక లినక్స్ ఉంది, ఇన్‌స్టాల్ చేస్తే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లు బోలెడు అందులోనే వచ్చేస్తాయి, పాత ల్యాప్‌టాప్ అయితే మాత్రం అది కొంచెం బరువే.

ఓపెన్ సోర్స్ అని ముందు ప్రత్యేకంగా ఎందుకన్నానంటే దానికి కారణం ఉంది. కేక్‌వాక్ అని పెద్ద పేరున్న మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఉండేది, డబ్బు పెట్టి కొన్నవాళ్ళు లోకమంతా ఉన్నారు, 2017 నవంబర్‌లో ఓనర్ కంపెనీ గిబ్సన్ ఇక దాన్ని తయారుచేయం అని ప్రకటించేసింది. మరుసటి ఏడాది బ్యాండ్‌ల్యాబ్ వాళ్ళు కొని ఫ్రీగా ఇచ్చారు కాబట్టి సరిపోయింది. కంపెనీ నిర్ణయం మీద ఆధారపడ్డది ఎప్పుడైనా ఆగిపోవచ్చు, కోడ్ అందరి చేతిలో ఉన్నదాన్ని ఒకళ్ళు వదిలేసినా ఇంకొకళ్ళు పట్టుకుంటారు.

ఇక క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే డబ్బు కట్టకుండా లైసెన్సు తాళం పగలగొట్టి వాడేది. బోనాల టైంలో, పెళ్ళి బరాత్‌లకి డీజే పాటలు మిక్స్ చేసే అబ్బాయిలు మా వీధి చుట్టుపక్కలే ఉన్నారు, ఎంత టాలెంట్ ఉందో వాళ్ళకి, ఒక తీన్‌మార్ దెబ్బని పట్టుకుని దాని మీద ఏమేం కడతారో వింటే ముచ్చటేస్తుంది. వాళ్ళలో చాలామంది వాడేది ఎఫ్ఎల్ స్టూడియో అనే పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, అదీ క్రాక్‌ది. వాళ్ళని దొంగలనడం నాకిష్టం లేదు, ఇంకో దారి ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. దాని ట్రయల్ వెర్షన్లోనే పాట తయారుచేసి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్ళీ తెరవడానికే లైసెన్సు కావాలి, ఒక్కసారి కొంటే తర్వాత వచ్చే వెర్షన్లన్నీ జీవితాంతం ఫ్రీ. నా దగ్గర నేర్చుకునే ఒక అబ్బాయి వాళ్ళ నాన్న ఒక కంప్యూటర్ షాపులో డబ్బులిచ్చి మరీ క్రాక్ వేయించాడు, ఆ షాపతను యాంటీవైరస్ ఆఫ్ చేసి వేశాడు, నెల తిరక్కుండా ఫైళ్ళన్నీ లాక్ అయిపోయాయి, అందులో వాళ్ళ నానమ్మ పాడిన పెళ్ళిపాటలు ఉన్నాయి. ఆవిడ ఇప్పుడు లేరు, ఆ పాటలు ఇంకెవరికీ పూర్తిగా రావు. క్రాక్ అనే మాట వినపడగానే నాకు కోపం ఎందుకొస్తుందో పేరెంట్స్ అర్థం చేసుకోవాలి. అలాంటి పాటలు ఇంట్లో ఎవరికైనా వస్తే ఈ వారమే రికార్డ్ చేసి పెట్టుకోండి, మోనో వేవ్ ఫైల్ గంటకి 300 ఎంబీ చిల్లర అవుతుంది అంతే, రెండు చోట్ల కాపీ ఉంచండి.

కంప్యూటరుతో సంగీతమేంటి సంప్రదాయం పాడైపోదూ అనే పెద్దలు ఉన్నారు, వాళ్ళ భయంలో నిజం లేకపోలేదు. కీబోర్డుకి పన్నెండు మెట్లే, స్వరాన్ని వంచే పిచ్ బెండ్‌తో ఎంత తిప్పినా తోడి రాబట్టాలంటే ముందు తోడి తెలిసి ఉండాలి. ఇదే కారణంతో 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని పక్కన పెట్టింది. కానీ మన పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ తెచ్చి దాని మీద రాగాలాపన చేసి చూపించాడు కదా, ముందు ఆ వాయిద్యాన్నీ ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, వాయించాక ఏమైందో అందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు అడగాల్సింది. రాంకోఠిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల ఉంది, ఫీజు తక్కువని మధ్యతరగతి పిల్లలూ బీద పిల్లలూ చేరేది అక్కడే. అక్కడ వారానికి ఒక్క క్లాసు పెట్టండి, ఒక గది, నాలుగైదు పాత కంప్యూటర్లు, యూఎస్‌బీ మైకులు, వైరు హెడ్‌ఫోన్లు చాలు, సాఫ్ట్‌వేరుకి రూపాయి ఖర్చు లేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలకే చోటు చాలట్లేదని తెలుసు, అయినా ఏదో ఒక బ్రాంచి లైబ్రరీలో శనివారం రెండు గంటలు దొరక్కపోదు. మన ఊళ్ళోనే స్వేచ్ఛ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే సంస్థ ఉంది, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చినవాళ్ళు వాళ్ళు, కంప్యూటర్ సంగతి వాళ్ళు చూసుకుంటే పాట సంగతి మేం చూసుకుంటాం. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఎలాగోలా వీడియోలు చూసి నేర్చేసుకుంటారు, నేను అడిగేది మెనూలో ఉన్న ఇంగ్లీషు చూసి వెనక్కి తగ్గే పిల్లల కోసం, వాళ్ళ అమ్మల కోసం. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళమ్మ టైలరింగ్ చేస్తుంది, ఒక్కసారి పక్కన కూర్చోబెట్టి చూపిస్తే ఇప్పుడు కూతురు పాడిందంతా ఆవిడే రికార్డ్ చేసి, కట్ చేసి, తేదీ వేసి దాచిపెడుతోంది.

మీ పేపర్‌ని అడిగేది చిన్నదే, వారానికి ఒక పావు పేజీ. ఒక వారం మైకు నోటికి జానెడు దూరంలో పక్కకి తిప్పి ఎలా పెట్టుకోవాలో, ఒక వారం లెవెల్ ఎర్ర గీతకి తగలకుండా ఎలా చూసుకోవాలో, ఒక వారం టెంపో ఎలా తగ్గించాలో, బొమ్మలతో వేయండి, ఇంగ్లీషు మెనూ పేరు పక్కన అదేం చేస్తుందో తెలుగులో రాయండి. రాసిపెట్టమంటే నేను రాసిస్తాను, నాకు పారితోషికం అక్కర్లేదు. వేసవి సెలవుల లోపు ఏ లైబ్రరీ వాళ్ళయినా గది ఇస్తామంటే శనివారాలు నేను వస్తాను, మా చుట్టుపక్కల పాట చెప్పే టీచర్లతో కూడా మాట్లాడాను, ఇద్దరు సరే అన్నారు. గది ఎవరిస్తారో మీ పేపర్ ద్వారా అడిగి పెట్టండి.

ఇట్లు,
ఒక సంగీతం టీచరు,
విద్యానగర్, హైదరాబాద్